గుర్రపుడెక్క చేయని పని

సూరత్ నగరానికి తాగునీరిచ్చే తాపీ నది మీద సింగణ్‌పూర్ దగ్గర 1995లో ఒక అడ్డుకట్ట కట్టారు. పైన రోడ్డు, కింద గోడ. సముద్రపు పోటుకి ఎగదన్నే ఉప్పునీటిని పైకి రానివ్వకుండా, ఉకాయ్ జలాశయం నుంచి దిగివచ్చే మంచినీటిని కిందికి జారనివ్వకుండా ఆపడం దాని పని. ఆ పని అది బాగానే చేస్తోంది. కానీ అడ్డుకట్టకి ఎగువన పారే నీరు కాస్తా నిలవ నీరయింది. ఎగువ ఊళ్ళ మురుగు అందులో కలిసింది. ఇక ఎండలు ముదిరాయంటే నీళ్ళు కనపడకుండా గుర్రపుడెక్క కమ్ముకుంటుంది. అక్కడివాళ్ళు దాన్ని జల్‌కుంభీ అంటారు. నగరపాలక సంస్థ యంత్రాలు దింపి తీయిస్తుంది. అది మళ్ళీ వస్తుంది. మళ్ళీ తీయిస్తారు.

ఈ మొక్క పుట్టిల్లు అమెజాన్ నదీ ప్రాంతం. లేత ఊదారంగు పువ్వు అందానికి మురిసి పందొమ్మిదో శతాబ్దం చివర్లో ఎవరో బెంగాల్‌కి తెచ్చిపెడితే, ఇప్పుడు దేశంలో అది లేని చెరువు అరుదు. ఇంత అపఖ్యాతి మూటగట్టుకున్న ఈ మొక్కనే 1970లలో అమెరికా అంతరిక్ష సంస్థ నాసా మురుగు శుద్ధికి వాడింది. మిసిసిపీ రాష్ట్రంలో వుల్వర్టన్ అనే శాస్త్రవేత్త మురుగు కుంటల్లో గుర్రపుడెక్క పెంచి, నీళ్ళు తేటపడటం కొలిచి చూపించాడు. అప్పటినుంచీ ఒక మాట జనంలో స్థిరపడిపోయింది: ఈ మొక్క మురికిని తాగేస్తుంది, నీళ్ళని శుభ్రం చేస్తుంది. మరైతే తాపీలో ఉన్నదాన్ని తీయడం దేనికి, అలా వదిలేస్తే నదిని అదే కడిగిపెడుతుంది కదా అని అడిగేవాళ్ళు ఉన్నారు. అడగవలసిన ప్రశ్నే. జవాబు మాత్రం లెక్క వేస్తే గానీ తేలదు.

మురుగులో మనల్ని బాధపెట్టేవాటిలో ముఖ్యమైనది నత్రజని. ఒక మనిషి నుంచి రోజుకి సుమారు 10 గ్రాముల నత్రజని మురుగులోకి పోతుంది, అంటే ఏడాదికి మూడున్నర కిలోల పైమాట. గుర్రపుడెక్క అన్నీ కలిసొచ్చినచోట, ఒక హెక్టారులో, ఏడాదికి రెండు వేల కిలోల దాకా నత్రజనిని తన ఒంట్లోకి తీసుకోగలదు. చాలా పెద్ద అంకెలాగే ఉంది. భాగించి చూడండి: హెక్టారుకి సుమారు 550 మంది. 2011 జనాభా లెక్కల ప్రకారం సూరత్‌లో దాదాపు 45 లక్షల మంది ఉన్నారు. వాళ్ళందరి నత్రజనిని ఈ మొక్క చేత మింగించాలంటే ఎనిమిది వేల హెక్టార్ల గుర్రపుడెక్క కావాలి.

మింగిస్తే సరిపోదు, బయటికి తీయాలి కూడా. అసలు చిక్కు అక్కడుంది. పచ్చి గుర్రపుడెక్కలో 95 శాతం నీరే. ఎండబెడితే మిగిలేదాంట్లో నత్రజని రెండున్నర శాతం ఉంటుందనుకుంటే, ఆ రెండు వేల కిలోల నత్రజనిని పట్టుకోవడానికి హెక్టారుకి ఏడాదికి 1,600 టన్నుల పచ్చి మొక్కని ఒడ్డుకు లాగాలి. రోజుకి నాలుగు టన్నుల పైచిలుకు, అదీ ఒక్క హెక్టారుకే. లాగకపోతే? ముదిరిన ఆకులు చచ్చి మునుగుతాయి, కుళ్ళుతాయి, కుళ్ళేటప్పుడు నీటిలోని ప్రాణవాయువుని హరిస్తాయి, మింగిన నత్రజనిని మళ్ళీ నీళ్ళలోకే వదులుతాయి. పైన కప్పు మూసుకుపోయి గాలీ వెలుతురూ అందక కింద చేపకి ఊపిరాడదు. నాసా కుంటల్లో పని నడిచిందంటే, అక్కడ మొక్కని పద్ధతిగా తీసిపారేసే ఏర్పాటు ఉంది గనక. తాపీలో మొక్క తనకు తానుగా చేస్తున్నది శుద్ధి కాదు, మురికిని కొన్నాళ్ళు దాచిపెట్టి తిరిగి ఇచ్చేయడం.

అయితే మొక్కలతో నీటిని శుభ్రం చేయడమనేదంతా కట్టుకథేనా? కాదు. మొక్క చేస్తుందనుకుంటున్న పనిలో ఎక్కువ భాగం దాని వేళ్ళ దగ్గర కాపురముండే సూక్ష్మజీవులది. ఈ సంగతి పట్టుకోవడానికి చాలా ఏళ్ళు పట్టింది.

కథ జర్మనీలోని ప్లోన్ అనే చిన్న ఊళ్ళో మొదలైంది. అక్కడి మాక్స్ ప్లాంక్ సంస్థలో కేథె జైడెల్ అనే వృక్షశాస్త్రవేత్త 1950ల తొలినాళ్ళలో తుంగజాతి మొక్కల్ని మురికినీళ్ళలో నాటి చూసింది. ఫినాల్ లాంటి విషాలు తగ్గాయి, రోగకారక బ్యాక్టీరియా తగ్గింది. మురుగు శుద్ధి అంటే కాంక్రీటు తొట్లు, పంపులు, మోటార్లు అని నమ్మిన ఆనాటి ఇంజినీర్లు ఆమెను ఏమంత పట్టించుకోలేదు. మురుగుని గడ్డితో శుభ్రం చేస్తానని ఒక ఆడమనిషి చెబితే వినడానికి వాళ్ళకి మనసొప్పినట్టు లేదు. తర్వాత ఆమెతో కలిసి పనిచేసిన రైన్‌హోల్డ్ కికుట్ ఆ ఆలోచనను ఇంకోదారి పట్టించాడు. 1974లో ఓట్‌ఫ్రెజెన్ అనే ఊరి మురుగుకి మొదటి పూర్తిస్థాయి వేళ్ళమడి తయారైంది. దాన్నే ఇప్పుడు కృత్రిమ చిత్తడి నేల అంటున్నారు. చిత్తడి మడి అనుకుంటే మనకి నోరు తిరుగుతుంది.

దాని కట్టడం వినడానికి చాలా సాదాగా ఉంటుంది. అడుగున నీరు ఇంకకుండా మందపాటి ప్లాస్టిక్ పొరో, గట్టిబంక మట్టో వేసిన ఒక గొయ్యి. లోతు రెండడుగుల పైన. అందులో గులకరాళ్ళు. రాళ్ళలో జమ్ము, కిక్కస, మెట్టతామర లాంటి మొక్కలు. కొల్లేటి చుట్టుపక్కల వాళ్ళకి కిక్కస గురించి ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. మురుగు ఒక పక్కనుంచి రాళ్ళ మధ్యలోకి వెళ్ళి, పైకి కనపడకుండానే పారి, రెండో పక్కన బయటికొస్తుంది. పైన అడుగు పెడితే కాలు తడవదు. దోమలు గుడ్లు పెట్టడానికి నిలవ నీరే ఉండదు. మలేరియా, డెంగీల పేరు వింటేనే ఉలిక్కిపడే నగరాలకి ఇది చిన్న విషయం కాదు.

లోపల జరిగేది ఇది. చెరువు మెట్ల మీద జారే పాకుడు చూశాం కదా, అలాంటి పొరే ప్రతి గులకరాయి మీదా, ప్రతి వేరు మీదా కడుతుంది. అది కోట్లాది బ్యాక్టీరియా కలిసి కట్టుకున్న ఊరు. మురుగులోని సేంద్రియ పదార్థాన్ని తినేది అదే. మరి మొక్క ఏం చేస్తుంది? జమ్ము, కిక్కసల ఒంట్లో ఆకు నుంచి వేరు కొస దాకా గాలి గదులుంటాయి. బురదలో వేళ్ళు కుళ్ళకుండా ఆ దారుల్లోంచి మొక్క తన వేళ్ళకి ప్రాణవాయువు పంపుకుంటుంది. అందులో కొంత వేళ్ళ చుట్టూ కారుతుంది. వేరుని ఆనుకుని ప్రాణవాయువుంటుంది, ఒకటి రెండు మిల్లీమీటర్లు దూరం జరిగితే ఉండదు. గాలి కావాల్సిన బ్యాక్టీరియా, గాలి గిట్టని బ్యాక్టీరియా వెంట్రుకవాసి ఎడంలో పక్కపక్క ఇళ్ళలో ఉంటాయి. మొదటి జాతి అమ్మోనియాను నైట్రేటుగా మారుస్తుంది. రెండో జాతి ఆ నైట్రేటుని నత్రజని వాయువుగా మార్చి గాలిలోకి వదిలేస్తుంది. గాలిలో మొదటినుంచీ ఉన్న వాయువే, హాని లేదు. అలా పోయిన నత్రజనిని ఎవరూ ట్రాక్టర్లకెత్తి మోయనక్కర్లేదు. గుర్రపుడెక్క లెక్కకీ దీనికీ ఉన్న తేడా అదే.

జైడెల్, కికుట్‌లు వేళ్ళ నుంచి కారే ప్రాణవాయువు మీద కాస్త ఎక్కువ ఆశ పెట్టుకున్నారు. తర్వాత కొలిచి చూస్తే మురుగు ఆకలికి అది చాలదని తేలింది. అందుకే నీటిని అడ్డంగా పారించే మడికి తోడు నిలువుగా దింపే మడి వచ్చింది. ఇందులో నీటిని పైనుంచి ఒక్క విడతగా గుమ్మరించి, అది అడుక్కి దిగిపోయేదాకా ఆగుతారు. నీరు దిగుతూ వెనకాలే గాలిని లోపలికి లాక్కుంటుంది. కొన్ని గంటల తర్వాత మళ్ళీ ఒక విడత. ఈ పద్ధతిలో, మన దేశపు వేడిలో మనిషికి రెండు చదరపు మీటర్ల చోటు ఉంటే పని జరుగుతుంది. చల్లటి దేశాల్లో అడ్డంగా పారే మడికి అయిదు దాకా కావాల్సి వచ్చేది. ఎండ మనకి చేసే మేళ్ళలో ఇదొకటి.

ఇప్పుడు సూరత్‌కి వద్దాం. లింబాయత్, గోడాదరా వైపు వెళితే తెలుగు వినపడుతుంది. కరీంనగర్, వరంగల్ పల్లెల నుంచి, సిరిసిల్ల నుంచి సాంచాలు, అంటే మరమగ్గాలు, నడపడానికి వెళ్ళిన పద్మశాలీ కుటుంబాలు అక్కడ తరాలుగా ఉన్నాయి. నగరపాలక సంస్థ బడులు నడిపే భాషల్లో తెలుగు కూడా ఒకటి. ఆ లింబాయత్ గుండానే మిఠీ ఖాడి పారుతుంది. ఖాడి అంటే మన వాగు లాంటిదే, కాకపోతే చివర సముద్రపు పోటు తగులుతుంది. పేరుకి మిఠీ, అంటే తియ్యనిది. వానాకాలం ఎగువన గట్టి వాన పడితే ఆ నీళ్ళు లింబాయత్ ఇళ్ళలోకి వస్తాయి. మిగతా రోజుల్లో అందులో కదిలేది చాలావరకు మురుగే. ఇలాంటివే కోయలీ ఖాడి, కంకరా ఖాడి, ఇంకా ఉన్నాయి.

మురుగు విషయంలో సూరత్ చేతులు ముడుచుకుని కూర్చున్న ఊరు కాదు. 1994 సెప్టెంబరులో ప్లేగు భయంతో లక్షల మంది ఊరొదిలి పారిపోయారు. మరుసటి ఏడాది కమిషనర్‌గా వచ్చిన సూర్యదేవర రామచంద్రరావు అధికారుల్ని రోజూ పొద్దున్నే వీధుల్లోకి నడిపించి, రెండేళ్ళు తిరక్కుండా దేశం చెప్పుకునేలా నగరాన్ని మార్చాడు. 2014లో బమ్రోలీలో రోజుకి 4 కోట్ల లీటర్ల మురుగుని సన్నటి పొరల గుండా వడకట్టి పాండేసరా పారిశ్రామికవాడలోని మిల్లులకి అమ్మడం మొదలుపెట్టారు. కరెంటు ఎక్కువ, చోటు తక్కువ తీసుకునే పద్ధతి అది. చిత్తడి మడి దానికి పూర్తిగా ఎదురు. కరెంటు దాదాపు అక్కర్లేదు, చోటు మాత్రం కావాలి. 45 లక్షల మందికి మనిషికి రెండు చదరపు మీటర్లంటే 900 హెక్టార్లు. భూమి ధర తెలిసిన సూరతీ ఎవరైనా నవ్వి ఊరుకుంటాడు. నగరం మొత్తానికి ఇదే దారి అని చెప్పే ఉత్సాహవంతుల మాట నేనైతే నమ్మను. కానీ 2020లో నగర హద్దులు జరిగి చుట్టుపక్కల పల్లెలు చాలా లోపలికి వచ్చాయి. పెద్ద మురుగు గొట్టం చేరేలోపు అక్కడి నీరు ఖాడిలోకే పోతుంది. అయిదు వేల మంది ఉన్న ఊరికి ఒక హెక్టారు, మన లెక్కలో రెండున్నర ఎకరాలు. అది దొరకని చోటేమీ కాదు.

ఇళ్ళ మురుగు సంగతి అలా ఉంచితే, సూరత్ అనగానే గుర్తొచ్చేది రంగునీరు. మూడు వందలకు పైగా అద్దకం, ప్రింటింగ్ మిల్లులున్న ఊరు. అక్కడ నేసేది ఎక్కువగా పాలిస్టర్. ఆ గుడ్డ పట్టులా జారాలంటే దాన్ని వేడి కాస్టిక్ సోడాలో ముంచి పైపొరను కొంత కరిగిస్తారు. మిల్లుల్లో దీన్ని వెయిట్ రిడక్షన్ అంటారు. కరిగిన పాలిస్టర్ టెరెఫ్తాలిక్ ఆమ్లపు లవణంగా, గ్లైకాల్‌గా విడిపోయి నీళ్ళలో చేరుతుంది. ఆశ్చర్యమేమిటంటే ఈ రెండింటినీ బ్యాక్టీరియా తినగలదు. నీళ్ళు మరీ వేడిగా, మరీ క్షారంగా ఉండకపోతే చాలు.

రంగులు అంత తేలిగ్గా లొంగవు. ఉతికినా ఎండబెట్టినా పోకూడదనే కదా వాటిని తయారుచేసింది! వాటిలో పెద్ద వర్గం ఆజో రంగులు. రెండు నత్రజని పరమాణువులు జంటగా పట్టుకున్న బంధం వల్ల వాటికి ఆ రంగొస్తుంది. ప్రాణవాయువు లేనిచోట కొన్ని బ్యాక్టీరియాలు ఆ బంధాన్ని తెంచేస్తాయి. రంగు మాయమవుతుంది. చూసేవాళ్ళు చప్పట్లు కొడతారు. కానీ తెగిన ముక్కలు ఆరోమాటిక్ అమీన్లు, వాటిలో కొన్ని అసలు రంగుకన్నా ప్రమాదకరం. వాటిని విరగ్గొట్టాలంటే ప్రాణవాయువు కావాలి. అందుకని ఇలాంటి నీటికి ముందు గాలి తగలని అడ్డపు మడి, ఆ తర్వాత గాలాడే నిలువు మడి, ఈ వరసలోనే కట్టాలి. వరస తిరగేస్తే పని చెడుతుంది. నీళ్ళు తేటగా కనపడితే శుభ్రమైనట్టు కాదని మిల్లు యజమానులకీ, పరీక్షకొచ్చే అధికారులకీ తెలియాల్సిన మొదటి పాఠం ఇదే. కొల్హాపూర్‌లోని శివాజీ విశ్వవిద్యాలయం పరిశోధకులు బంతి, గడ్డిరోజా లాంటి పూలమొక్కల్ని బట్టల మిల్లు నీటి మీద పెంచి, వేళ్ళలోని ఎంజైములు రంగుల అణువుల్ని నేరుగా విరవగలవని చూపించారు. అంటే రంగుల విషయంలో మొక్కకి సొంత పాత్ర కొంత ఉంది.

మొక్కా బ్యాక్టీరియా రెండూ చేయలేనిది ఒకటుంది: ఉప్పు తీయడం. కాస్టిక్‌ని ఆమ్లంతో సరిచేస్తే పుట్టేది ఉప్పు. బ్యాక్టీరియా దాన్ని తినదు, మొక్క పట్టించుకోదు. పైగా ఆకుల నుంచి నీరు ఆవిరైపోతుంటే మిగిలిన నీరు ఇంకా ఉప్పనవుతుంది. ఒమన్ ఎడారిలో నిమ్ర్ అనే చోట చమురు బావుల నుంచి వచ్చే నీటికి వందల హెక్టార్లలో కిక్కస జాతి గడ్డి నాటారు. రోజుకి లక్ష ఘనపు మీటర్లకు పైగా నీరు, పంపులతో పెద్దగా పనిలేకుండా, నేల వాలుకే పారుతూ నూనెను వదిలించుకుంటుంది. ప్రపంచంలో పరిశ్రమల నీటికి కట్టిన చిత్తడి మడుల్లో అతిపెద్దవాటిలో అదొకటి. నూనె పోయింది గానీ ఉప్పు పోలేదు. ఆ నీటిని చివరికి ఎండకి ఆవిరి చేసే మడుగుల్లోకి వదలక తప్పలేదు. అక్కడ ఎడారి ఉంది. సూరత్‌లో ఆ చోటెక్కడిది?

లోహాలది ఇంకో బెడద. క్రోమియం, సీసం, కాడ్మియం వేళ్ళకి అంటుకుంటాయి, కొంత లోపలికీ వెళ్తాయి. నీటిలోంచి పోయాయి, నిజమే. ఇప్పుడు మొక్కలో ఉన్నాయి. అలాంటి నీటిలో పెరిగిన గడ్డిని గేదెలకి వేయకూడదు, ఎరువు చేయకూడదు. ప్రమాదకర వ్యర్థాల కోసం ప్రత్యేకంగా కట్టిన చోటికే పంపాలి. గుర్రపుడెక్కతో కంపోస్టు చేద్దాం, బుట్టలల్లుదాం అనే పథకాలు వినడానికి బాగుంటాయి. కానీ ఆ మొక్క ఏ నీళ్ళు తాగి పెరిగిందో ముందు పరీక్ష చేయించకుండా ఆ మాటెత్తకూడదు.

కొన్నింటికి ఏ మొక్కా మందు కాదు. 2022 జనవరి 6 తెల్లవారుజామున సూరత్‌లోని సచిన్ పారిశ్రామికవాడలో ఒక ట్యాంకర్ దొంగచాటుగా రసాయన వ్యర్థాన్ని ఖాడిలోకి వదులుతుంటే విషవాయువు లేచింది. పక్కనే అద్దకం మిల్లులో ఉన్న కార్మికుల్లో ఆరుగురు చనిపోయారు, ఇంకా ఎంతోమంది ఆసుపత్రి పాలయ్యారు. అలాంటి నీరు ఒక్కసారి చిత్తడి మడిలోకి వస్తే రాళ్ళ మీది బ్యాక్టీరియా ఊరు మొత్తం చస్తుంది. అది మళ్ళీ కుదురుకోవడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. ట్యాంకర్లని ఆపడం పోలీసు పని, కాలుష్య నియంత్రణ మండలి పని. ఆ పనిని కిక్కస మీదకి నెట్టకూడదు.

మన దగ్గర ఈ ప్రయత్నం జరిగిన చోటొకటి చెప్పాలి. హైదరాబాద్ మణికొండ పక్కన నెక్నాంపూర్ చెరువు. 2018 ఫిబ్రవరి 2న, చిత్తడి నేలల దినోత్సవం నాడు, ధ్రువాంశ్ అనే స్వచ్ఛంద సంస్థ అధికార యంత్రాంగం సాయంతో ఆ చెరువు మీద మూడు వేల చదరపు అడుగుల తేలే మడిని వదిలింది. అడుగున వెదురు, దాని మీద థర్మోకోల్, గోనెసంచులు, గులకరాళ్ళు. వట్టివేరు, మెట్టతామర, జమ్ము, తులసి, ఇంకా ఎన్నో మొక్కలు మట్టి లేకుండా నీళ్ళలోకి వేళ్ళు దించాయి. పక్షులు వచ్చాయి. ఈ పద్ధతికి భూమి కొనక్కర్లేదు. అయితే చెరువంత చెరువుకి మూడు వేల చదరపు అడుగులు ఏ మూలకి? పైనుంచి వచ్చే మురుగు ఆగనంతకాలం తేలే మడి ఒక్కటే చెరువుని కాపాడలేదు. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు తమ ప్రాంగణంలోనూ కొన్ని పల్లెల్లోనూ నేల మీద మడులు కట్టి, శుద్ధి చేసిన నీటిని పంటలకి పెట్టి చూశారు. పల్లెకి సరిపోయే నమూనా అది.

మడులు చెడిపోవడానికి కారణం వెతికితే దాదాపు అన్నిచోట్లా ఒకటే కనపడుతుంది: రాళ్ళ మధ్య సందులు పూడిపోవడం. మురుగులోని గట్టి పదార్థాన్ని ముందే ఒక తొట్టిలో కూర్చోబెట్టకపోయినా, ఆ తొట్టిని ఏటా రెండేటా శుభ్రం చేయకపోయినా, రెండు మూడేళ్ళలో రాళ్ళు బిగుసుకుపోయి నీరు పైకి ఉబుకుతుంది. ఆ తర్వాత దోమలు, కంపు, చివరికి పిల్లల క్రికెట్ పిచ్. ప్రారంభోత్సవానికి డబ్బు పెట్టే ప్రభుత్వాలు కోతకి, పూడికతీతకి పెట్టవు. అందుకే ఆ పని చూసే మనుషులు ముందే ఉన్న చోటు వెతకాలి. కేంద్రం తెచ్చిన సిటీస్ అనే పథకంలో సూరత్‌లో కంకరా ఖాడి పొడవునా జీవవైవిధ్య ఉద్యానం రూపుదిద్దుకుంది. చెత్తాచెదారం పోసే చోటు చెట్లకి దక్కింది, మంచిదే. ఇలాంటి పచ్చటి పట్టీల్లో చిత్తడి మడికి చోటు తేలిగ్గా దొరుకుతుంది, తోటమాలులూ ముందే ఉంటారు.

లింబాయత్ వైపు మొదటి మడి కట్టమని నన్నడిగితే మిఠీ ఖాడి ఒడ్డున మాత్రం వద్దంటాను. 2006 ఆగస్టులో ఉకాయ్ గేట్లెత్తినప్పుడు నగరంలో ఎక్కువ భాగం మునిగింది. ఖాడి ఒడ్డున కట్టినది ఒక్క వానాకాలంలో బురదతో పూడిపోతుంది. వెయ్యి మంది ఉండే ఒక హౌసింగ్ సొసైటీ మెరక మీద ఉన్నది చూసి, దాని సెప్టిక్ ట్యాంకు వెనక అర ఎకరం తీసుకోవాలి. మిల్లు నీరు అందులో చుక్క కూడా కలవకూడదు. బయటికొచ్చే నీటిని సొసైటీ తోటకీ మరుగుదొడ్లకీ వాడాలి. తొట్టి పూడిక తీసే ఖర్చు, ఏటా కిక్కస కోసే కూలీ సొసైటీ నెలవారీ మెయింటెనెన్స్‌లో మొదటి నెల నుంచే రాసి ఉండాలి.